వయసైపోయిందంటే సరిపోతుందా?

"నల్లకోడి మూడు రోజులనుంచి మేత ముట్టడంలేదురా" అని అమ్మ ఫోన్లో చెబితే నేనంతగా పట్టించుకోలేదు. "దానికి వయసైపోయిందిలేమ్మా" అన్నాను. త్రిపురాంతకం కొండ కనిపించేంత దూరంలో మా ఊరు. నాన్న ప్రభువు సన్నిధికి వెళ్లాక ఆ ఇంట్లో మిగిలింది అమ్మ, ఆమె కోళ్లు. ఈ నల్లకోడి ఆరేళ్లలో ఎన్నిసార్లు పొదిగిందో, ఎన్ని పిల్లల్ని గద్దల బారినుంచి రెక్కల కింద దాచిందో! నాటుకోడి ఏడాదికి అరవై, డెబ్భై గుడ్లు పెడితే గొప్పే. అది గుడ్డు పెట్టడం మానేసి కూడా ఏడాది దాటింది.

ఆ శనివారం నేను ఊరెళ్లేసరికి అది గంప కింద రెక్కలు వాల్చి కునుకుతోంది. కోసుకోమని ఒకరు, ఆదివారం కానుకగా ఇస్తే వేలంలో నాలుగు డబ్బులొస్తాయని మరొకరు సలహా ఇచ్చారు. "మేత మానిన కోడిని దేవుడికిస్తామా?" అని అమ్మ కోప్పడింది. రోగపుదాన్నీ, కుంటిదాన్నీ బలిపీఠానికి తెచ్చేవారిని మలాకీ ప్రవక్త ఎంత ఘాటుగా నిలదీశాడో ఆమె చదువుకోలేదు, మందిరంలో విన్నదే. కానుకలో వచ్చే కోళ్లను చూస్తే, మనలో చాలామంది ఆ ప్రసంగం రోజున నిద్రపోయినట్టే ఉంటుంది!

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే ఆయన కోడి వయసు అడగలేదు. మెడ కింద మేత నిలిచే సంచిని తడిమి చూశాడు. తెల్లవారేసరికి అది ఖాళీగా ఉండాలి. రాత్రి నిలిచిన మేత అప్పటికి దిగిపోతుంది. మా కోడికది గట్టి ముద్దలా చేతికి తగిలింది. ఎండుగడ్డి పీచు చిక్కుపడి అడ్డం పడింది. రెక్కల కింద పేలున్నాయేమో, రెట్ట రంగు మారిందేమో చూశాడు, నట్టల మందు ఎప్పుడు వేశారని అడిగాడు. రెండు మూడు చుక్కల నూనె, కాసిన్ని నీళ్లు పట్టించి, ఆ సంచిని వేలికొసలతో మెల్లగా పిసకమన్నాడు. ఒక పూట మేత ఆపి, తర్వాత నానబెట్టిన నూకలు కొద్దికొద్దిగా పెట్టమన్నాడు. ఎండ నలభై డిగ్రీలు దాటే మా సీమలో నీడ, చల్లని నీళ్లు సగం మందు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగశ్వాసతో వేడిని వదిలించుకోవాల్సిందే.

అన్ని కోళ్లూ ఇలా లేవవు. కొక్కెర తెగులు సోకితే నయం చేసే మందు లేదు, ముందే వేయించే టీకాయే దిక్కు. కానీ ఏ రోగమో తెలియాలన్నా ముందు చేత్తో పట్టుకుని చూడాలి కదా! 'వయసైపోయింది' అనే మాట మనల్ని ఆ పని నుంచి తప్పిస్తుంది. సంఘంలోనూ అంతే. ముసలివాళ్ల పేరు ప్రార్థన చీటీలో 'వృద్ధాప్య బలహీనత' అని రాసుకుంటాం, ప్రార్థిస్తాం, మంచిదే. వాళ్ల కంచంలో ఏముందో, ఎంత మిగిలిందో చూసి వచ్చేదెవరు? ఎనభై ఏళ్ల బర్జిల్లయి తనకు అన్నపానాల రుచే తెలియడంలేదని దావీదుతో చెప్పుకున్నాడు. రాజంతటివాడు తనతో వస్తే పోషిస్తానని పిలిచాడు గనుకనే ఆ ముసలాయన నోట ఆ మాట బయటికొచ్చింది.

మూడో రోజు ఉదయం నల్లకోడి నూకలు నాలుగు గింజలు ఏరుకుంది. అమ్మ ముఖం చూడాలి! మధ్యాహ్నం ఇద్దరం అన్నానికి కూర్చున్నాం. నేను లేచేసరికి ఆమె పళ్లెంలో ముద్ద అలాగే ఉంది. "తినవేంటమ్మా?" అంటే, "నాకు మాత్రం వయసైపోలేదట్రా?" అని నవ్వింది. నేనన్న మాటే. ప్రతి ఆదివారం ఫోన్లో "తిన్నావా" అని అడుగుతూనే ఉన్నాను, "తిన్నా" అని ఆమె చెబుతూనే ఉంది. నోరు తెరవమంటే ఒక పట్టాన తెరవలేదు. కింది దవడ పన్ను విరిగి, ఆ మొన నాలుకను కోసి పుండు చేసింది. ఎన్నాళ్లనుంచని అడిగితే, క్రిస్మస్ ముందునుంచి అంది. అప్పటికి ఈస్టర్ కూడా వెళ్లిపోయింది.

మర్నాడు మార్కాపురం పళ్ల డాక్టరు దగ్గరికి బయల్దేరదీస్తే, కోడికి మధ్యాహ్నం నూకలెవరు పెడతారని ఒకటే గొడవ. పక్కింటి పిన్నికి గంప అప్పగించి బస్సెక్కించాను.