అద్దంలో కనిపించని చోట్లు



ఈ నెల ఈ పేజీ ముఖ్యంగా మగవాళ్ల కోసం. స్త్రీలు చదవకూడదని కాదు. చదివి ఇంట్లో వాళ్లకు వినిపిస్తే ఇంకా మంచిది. ఎందుకంటే ఒంటి సంగతి వచ్చేసరికి మగవాడు చదవడు, అడగడు, చెప్పడు. బండికి ఆయిలు మార్చే తేదీ గోడ మీద రాసి పెట్టుకుంటాడు గాని తన వీపు ఎట్లా ఉందో పదేళ్లయినా చూసుకోడు.

కిందటి వేసవిలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోయాక మా సంఘపు యువకుడొకడు వెనుక బల్ల దగ్గరే నిలబడిపోయాడు. ముఖానికి చేతిరుమాలు కట్టుకొని ఉన్నాడు. తిరుపతి ఎండలో బండి మీద తిరిగే పిల్లలు చాలామంది అట్లాగే కట్టుకుంటారు గనుక నేను పట్టించుకోలేదు. దగ్గరికి వచ్చి, "అయ్యగారూ, పదిహేను దినాల్లో పెండ్లి. ఈ మొగంతో ఎట్ల నిలబడేది?" అని రుమాలు తీశాడు. బుగ్గలు రెండూ కాలినట్టు ఎర్రగా ఉన్నాయి. గడ్డం చుట్టూ మొటిమలు. ముక్కు పక్కన సన్నని ఎర్రని గీతలు. ఎండలోకి పోతే మంట, నీళ్లు తగిలితే మంట అంటాడు.

"ఏం పూసినావు నాయనా?" అని అడిగాను. జేబులోనుండి ఒక చిన్న ట్యూబు తీసి చూపించాడు. రెండేళ్ల కిందట తొడల మీద తామరకు కొన్నాడట. ఇది ముఖానికి పూస్తే తెల్లబడతారని స్నేహితుడెవరో చెప్పగా పెండ్లి కుదిరిన నాటినుండి ముఖానికి కూడా మొదలుపెట్టాడు. మొదటి రెండు వారాలు నిజంగానే నిగనిగలాడిందట. ఆ తరువాత ఒక్కరోజు పూయకపోతే మంట మొదలు.

ఆ ట్యూబును చూసి నేను అతనికి బుద్ధి చెప్పలేకపోయాను. కారణం, అటువంటిదే ఒకటి నా స్కూటరు డిక్కీలో రెండేళ్లు తిరిగింది.

నా సంగతి దాచకుండా చెబుతాను. నలభై దాటిన తరువాత నాకు గజ్జల్లో తామర పట్టింది. చంద్రగిరి, పాకాల వైపు పల్లె కూడికలకు బండి మీద పోయేవాణ్ణి. ప్యాంటు చెమటకు తడిసేది, ఆరేది, మళ్లీ తడిసేది. రాత్రి పదింటికి ఇల్లు చేరేదాకా ఒంటిమీద అదే బట్ట. ప్రసంగం మధ్యలో దురద పుడితే ఎంత కష్టమో తోటి సేవకులకు వేరే చెప్పనక్కరలేదు. ప్రసంగ బల్ల ఎత్తుగా ఉండబట్టి సరిపోయింది. డాక్టరు దగ్గరికి పోవడానికి సిగ్గు. మందుల షాపులో కుర్రవాడి చెవిలో చెప్పాను. అతడు ట్యూబు ఇచ్చాడు. మూడు దినాల్లో దురద మాయమైంది. పూయడం మానేసిన వారానికి రెండింతలై తిరిగివచ్చింది. మళ్లీ ట్యూబు. ఇట్లా రెండేళ్లు. ఇంతలో నా భార్యకు నడుము చుట్టూ పట్టింది, ఆమె తరువాత మా చిన్నవాడికి. ఇంట్లో అందరికీ తుడుచుకోను ఒక్కటే తువ్వాలు మరి. "ఏమండీ, మీరు సిగ్గుపడి నాకొక మాట చెప్పలేదు. ఇప్పుడు ఇంటిల్లిపాదీ గోక్కుంటున్నాము" అన్నది ఆమె. దానికి నా దగ్గర జవాబు లేదు.

చివరకు చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆయన ముందుగా ట్యూబు అడిగి దానిమీది చిన్న అక్షరాలు చదివి వినిపించారు. తామర ఒక బూజు. ఆ ట్యూబులో బూజును చంపే మందు కొంచెం, సూక్ష్మజీవులను చంపే మందు కొంచెం, వాటితోపాటు గట్టి స్టెరాయిడు ఉంది. స్టెరాయిడు చర్మపు రోగనిరోధక శక్తిని అణచివేస్తుంది. అందుకే ఎర్రదనం, దురద వెంటనే తగ్గుతాయి. కాని అడ్డుకునేవాడు నిద్రపోతే దొంగకు పండుగ గదా! లోపల బూజు హాయిగా పెరుగుతుంది. చాలాకాలం పూసినచోట చర్మం కాగితంలాగా పలుచబడుతుంది, తొడల్లో చారలు పడతాయి, అవి పోవు. నాకు పడ్డాయి, పోలేదు. ముఖానికి పూసిన వారికి వచ్చే ఎర్రదనం, మొటిమలు, మానితే మండడం మన దేశంలో ఎంత ఎక్కువైందంటే డాక్టర్లు దానికి ప్రత్యేకంగా ఒక జబ్బు పేరే పెట్టారు.

ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ అని ఉంటే అది స్టెరాయిడు అని గుర్తుపెట్టుకోండి. ఇవి చెడ్డ మందులని కాదు. కొన్ని జబ్బులకు డాక్టరు చెప్పినచోట, చెప్పినన్ని దినాలు వాడితే మేలు చేస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇటువంటి పూతమందులు పలువాటిని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం చట్టమే, మన సిగ్గు సిగ్గే. చెవిలో అడిగేవాడు ఉన్నంతకాలం ఇచ్చేవాడు ఎక్కడో ఒకచోట దొరుకుతాడు.

మా ఇంట్లో నయం కావడానికి నెలలు పట్టింది. అందరికీ ఒకేసారి వైద్యం జరిగింది. పైకి మచ్చ పోయిన తరువాత కూడా డాక్టరు చెప్పినంతకాలం మందు ఆపలేదు. తువ్వాళ్లు ఎవరివి వారికి వేరు చేశాము. లోదుస్తులు, ప్యాంట్లు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేశాము. నేను బిగుతు ప్యాంట్లు మానుకున్నాను. ఇంటికి రాగానే స్నానం, ఆ తరువాత గజ్జలు, చంకలు, కాలివేళ్ల సందులు పొడిగుడ్డతో తుడుచుకోవడం. మొలతాడు కట్టుకునే వారు ఒక సంగతి గమనించాలి. చెమటకు తడిసిన మొలతాడు నడుమును అంటిపెట్టుకొని ఉంటే బూజుకు అదొక ఇల్లు. తామర ఉన్నంతకాలం దాన్ని తీసివేయమని డాక్టర్లు చెబుతారు.

ఆ పెండ్లికొడుకును కూడా అదే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ముఖానికి పూసేది ఒక్కసారిగా ఆపితే మంట ఎక్కువవుతుంది, ఇష్టం వచ్చినట్టు మానకుండా చెప్పినట్టు చేయాలన్నారు. పదిహేను దినాల్లో బాగుపడే పని కాదని కూడా చెప్పారు. పెండ్లి ఫోటోలలో అతని బుగ్గలు ఎర్రగానే ఉన్నాయి. ముందుగానే పెండ్లికూతురికి ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను, చెప్పాడు. "నలుపైతే ఏమి, ఎవురు తెల్లంగా రమ్మనింది?" అని ఆ అమ్మాయి నవ్విందట.

ఈ తెల్లబడే ఆశ నిన్న మొన్నటిది కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో 1975లో వచ్చింది. 2020లో దాని పేరులోనుండి ఫెయిర్ అనే మాట తీసివేశారు. మగవాళ్ల కోసమని ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ 2005లో వచ్చింది. నల్లగా ఉండడం జబ్బు కాదు. మన నలుపు ఎండ నుండి కొంత కాపుదల కూడా ఇస్తుంది. అయినా పూర్తిగా కాదు. బుగ్గల మీద మంగు మగవాళ్లకూ వస్తుంది, ఎండ దాన్ని పెంచుతుంది. కొండమీద తలనీలాలు ఇచ్చి దిగివచ్చే యాత్రికుల నున్నటి తలలు మే నెల ఎండకు ఎట్లా కందిపోతాయో మన ఊరివారు చూసినదే. కప్పి ఉంచిన చర్మానికి ఎండ అలవాటు ఉండదు. పొలం పనికి పోయేవారు తలపాగా, నిండు చేతుల చొక్కా విడిచిపెట్టకూడదు. కొనగలిగినవారు ఎస్.పి.ఎఫ్. 30 ఉన్న సన్‌స్క్రీన్ పూసుకుంటే మంచిదే, అది ఆడవాళ్ల సరుకేమీ కాదు.

గడ్డం గురించి రెండు మాటలు. స్నానం చేశాక, వెంట్రుక మెత్తబడ్డాక గీసుకోండి. వెంట్రుక వాలు ఎటుంటే అటే గీయండి. ఎదురు గీస్తే నున్నగా వస్తుంది గాని కొన వంకరపోయి చర్మంలోకి దిగి పొక్కవుతుంది. సెలూనులో కొత్త బ్లేడు వేయించుకోవడానికి మొగమాటం వద్దు. కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి వంటివి పాత బ్లేడు మీది రక్తంతో రావచ్చు. మిగిలినదంతా మామూలే. ముఖానికి మృదువైన సబ్బు, చలికాలం కాళ్లు చేతులు తెల్లగా పగులుతుంటే స్నానం అయిన వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె. మా అమ్మ చిన్నప్పుడు చేసినదే, వేరే క్రీము అక్కరలేదు.

అసలు చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. ఆ రోజు డాక్టరు నా తామర చూసి ఊరుకోలేదు, బనియను కూడా తీయమన్నారు. వీపు మీద పాలిపోయిన మచ్చ ఒకటి ఉందన్నారు. నాకు తెలియనే తెలియదు. కళ్లు మూసుకోమని, దూదితో తాకినప్పుడల్లా చెప్పమన్నారు. ఎందుకు అడుగుతున్నారో అర్థమై నా గుండె ఆగినంత పనైంది. నేను వేదాంత పాఠశాలలో చదివే రోజుల్లో మమ్మల్ని రాయవేలూరు దగ్గర కరిగిరికి తీసుకుపోయారు. చిత్తూరు వారికి అది ఎంతో దూరం కాదు. 1955లో ప్రారంభమైన కుష్ఠు వైద్య పరిశోధన కేంద్రం అక్కడిది. వేళ్లు లేని చేతులతో ఒక పెద్దాయన మాకు నమస్కారం పెట్టాడు. కళ్లు మూసుకొని ఉండగా ఆ చేతులే నాకు కనిపించాయి.

కరిగిరిలో మాకు చెప్పిన పాఠం ఇది. కుష్ఠు వలన వేళ్లు కుళ్లి రాలిపోవు. రోగక్రిములు నరాలను చెడగొట్టగా నొప్పి తెలియకుండా పోతుంది. వేడి గిన్నె పట్టుకున్నా, మేకు గుచ్చుకున్నా, రాత్రి నిద్రలో ఎలుక కొరికినా తెలియదు. ఆ గాయాలే వేళ్లను తినేస్తాయి. ఈ సంగతిని లోకానికి గట్టిగా చూపించినవారు డాక్టర్ పాల్ బ్రాండ్. తమిళనాడు కొల్లిమలలో 1914లో మిషనరీల ఇంట పుట్టి, 1946లో వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రికి వచ్చారు. ఎలుకల బాధకు ఆయన రోగులకు పిల్లులను ఇచ్చి పంపేవారు! ఆయనకే ఒక రాత్రి ఇటువంటి భయం పట్టుకుంది. ప్రయాణం చేసి లండను చేరి మేజోడు తీస్తే మడమకు స్పర్శ లేదు. సూది గుచ్చి చూసుకున్నారు, తెలియలేదు. తెల్లవార్లూ నిద్రలేదు. ఉదయం మళ్లీ గుచ్చుకుంటే నొప్పి పుట్టింది, ఆనందంతో కేక వేశారు. రైల్లో ఎక్కువసేపు కదలకుండా కూర్చున్నందువలన నరం మొద్దుబారింది, అంతే.

నా మచ్చ కూడా ఉత్త సిబ్బెమే. దూది తాకిన ప్రతిసారీ నాకు తెలిసింది. కాని తెలియని వారు ఉన్నారు. 2005 చివరికి మన దేశంలో కుష్ఠు పదివేలమందికి ఒక్కరికన్నా తక్కువకు దిగిందని ప్రకటించారు, దానితో అది పోయిందనుకున్నాము. నేటికీ ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసులలో సగానికి పైగా మన దేశానివే. మందు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. రకాన్ని బట్టి ఆరు నెలలో పన్నెండు నెలలో వాడితే నయమైపోతుంది. మందు మొదలుపెట్టిన కొద్ది దినాలకే ఇతరులకు అంటించే శక్తి పోతుంది. క్రైస్తవుల విడాకుల చట్టంలో (1869 నాటిది) కుష్ఠు ఒక కారణంగా ఉండేది. 2019లో పార్లమెంటు దాన్ని తొలగించింది.

లేవీయకాండము పదమూడవ అధ్యాయములో మచ్చలు చూసే పని యాజకునిదే. అక్కడి మాట నేటి కుష్ఠు ఒక్కదానికే చెందదనీ, బట్టలకూ గోడలకూ పట్టే బూజును కూడా అదే మాటతో పిలిచారనీ పండితులు అంటారు. ఏదైనా గాని, చూడడం అనే పని మనము విడిచిపెట్టాము.

కాబట్టి వారానికొకసారి స్నానం ముందు ఒళ్లంతా చూసుకోండి. వీపు చూడమని భార్యనో అన్ననో అడగండి. పాలిపోయిన లేక ఎర్రబారిన మచ్చ మీద స్పర్శ తగ్గితే, చెమట పట్టకపోతే ఆలస్యం చేయవద్దు. చక్కెర వ్యాధి ఉన్నవారికి అరికాళ్లలో స్పర్శ పోవచ్చు గనుక వారు ప్రతి రాత్రీ అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి, చెప్పుల్లో రాయి ఉందేమో చేయి పెట్టి చూడాలి. కరిగిరిలో స్పర్శలేని పాదాలను నీళ్లలో నానబెట్టి, గట్టి చర్మం రుద్ది, నూనె రాస్తారు. చక్కెర వ్యాధి వారు మాత్రం నానబెట్టకూడదు. కడిగి, వేళ్ల సందులు తుడిచి, సందుల్లో తప్ప మిగిలినచోట నూనె రాయాలి.

రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. సిగ్గనిపిస్తే మొదట నా దగ్గరికి రండి. నేను చూసేది ఏమీ లేదు, ట్యూబు మీద చిన్న అక్షరాలు చదివి, నా స్కూటరు మీదే డాక్టరు దగ్గరికి తీసుకుపోతాను. డిక్కీ ఇప్పుడు ఖాళీగానే ఉంది.