నెలాఖరుకి మానేసే గోలీ ఎవరిది?

మా ఇంట్లో రోజూ వేసుకునే గోలీలకి మూడు డబ్బాలున్నాయి. ఒకటి అత్తయ్యది, ఒకటి మా ఆయనది, ఒకటి నాది. ఇరవై ఐదో తారీఖు దాటాక కూడా మొదటి రెండు డబ్బాల్లో లెక్క తప్పదు. నా బీపీ గోలీలు మాత్రం అప్పట్నుంచి రోజు విడిచి రోజు. మానెయ్యమని నాకెవరూ చెప్పలేదు. రెండేళ్లు నేనే అలా చేసి, దానికి పొదుపు అని పేరు పెట్టుకున్నాను.

పోయిన చలికాలం నాంపల్లి స్టేషన్ మెట్ల మీద కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. డాక్టరు బీపీ చూసి, "గోలీలు సరిగ్గా వేసుకుంటున్నారా అమ్మా?" అన్నారు. వేసుకుంటున్నానని అబద్ధం చెప్పాను. ఆ రోజు పరీక్షలకి, ఆటోలకి అయిన డబ్బుతో ఆ గోలీలు ఏడాదంతా వచ్చేవి. ఇదండీ నా పొదుపు!

ఇన్సూరెన్స్ తీసుకోవచ్చు కదా అంటారు. మా ఆయన ఆబిడ్స్‌లో చిన్న బట్టల షాపులో పనిచేస్తారు. ఈఎస్ఐ తప్పనిసరి కావాలంటే మామూలుగా కనీసం పదిమంది పనివాళ్లుండాలి. అక్కడ ఉన్నది ఆరుగురు. అప్పు చేసి పాలసీ కట్టినా, మామూలుగా అది ఆస్పత్రిలో చేరితేనే డబ్బులిస్తుంది. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ఆరోగ్యశ్రీని 5 లక్షల నుంచి 10 లక్షలకి పెంచారు. మంచిదే. కానీ అదీ పడిపోయాక ఆదుకునేదే. పడిపోకుండా చూసేది రోజుకో గోలీ.

ఆ గోలీ మనం కొనలేనిదా? చీటీ మీద డాక్టరు రాసేది కంపెనీ పెట్టిన పేరు. అసలు మందు పేరు షీటు వెనక ఉంటుంది. అది కాగితం మీద రాసుకుని జన ఔషధి షాపులో అడిగితే నాకు సగంకన్నా తక్కువకి దొరికింది. డాక్టర్లు అసలు మందు పేరే అర్థమయ్యేలా రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే చెప్పింది. 2023 ఆగస్టులో ఇంకా గట్టి నిబంధనలు తెచ్చి, ఆ నెలలోనే పక్కన పెట్టేశారు. కాబట్టి నోరు తెరిచి అడగాల్సింది మనమే. థైరాయిడ్, ఫిట్స్ మందులు మాత్రం డాక్టరుని అడక్కుండా కంపెనీ మార్చకండి.

అదీ కష్టమైతే 2018 నుంచి మన నగరంలో బస్తీ దవాఖానాలున్నాయి. బీపీ, షుగరు గోలీలు ఉచితంగా ఇస్తారు, పరీక్షలకి రక్తం కూడా అక్కడే తీసుకుంటారు. "అబ్బ, అక్కడ లైన్లో సగం రోజు పోతుంది" అంటాం. మరి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పిల్లాడి గైడు కోసం రెండు గంటలు ఎండలో వెతుకుతాం కదా? జనవరిలో నుమాయిష్ టికెట్టు కోసం తోసుకుంటూ నిలబడతాం కదా? మన కోసం నిలబడాల్సి వచ్చినప్పుడే మన కాళ్లకి నొప్పి గుర్తొస్తుంది.

"మా అమ్మ తన గురించి అస్సలు పట్టించుకోదు" అని పిల్లలు గొప్పగా చెప్తుంటే మురిసిపోకండి. రేపు పక్షవాతం వచ్చి మంచాన పడితే సెలవులు పెట్టేదీ, అప్పులు తెచ్చేదీ ఆ పిల్లలే. మన త్యాగానికి బిల్లు వాళ్లు కడతారు.

ఒకటో తారీఖున లెక్కల పుస్తకంలో పాల డబ్బులకన్నా పైన ఇప్పుడు నా గోలీలు రాస్తున్నాను. మొన్న మా ఆయన అది చూసి, "ఇన్నాళ్లూ ఈ లెక్క ఎక్కడుంది?" అన్నారు. ఎక్కడా లేదని చెప్పాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇది చదివాక లేచి వెళ్లి మీ డబ్బా తియ్యండి. ఈపాటికి అయిపోవాల్సిన గోలీలు ఎన్ని మిగిలున్నాయో లెక్కపెట్టండి.