ఆట కూర్చడమూ రచనే!

కథ రాస్తే రచయిత్రి అంటారు. అదే మనిషి అపార్ట్‌మెంట్‌లో పాతికమంది ఆడవాళ్లని పోగుచేసి బతుకమ్మ ఆడిస్తే "పనీపాటా లేదు కాబోలు" అంటారు. రెండూ చేసినదానిగా చెబుతున్నాను, రెండోదే కష్టం.

కథలో పాత్రలు మనం చెప్పినట్టు వింటాయి. ఇక్కడ ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి అత్తగారి భయం, ఇంకొకరికి సిగ్గు. ఆఖర్న కోలాటం పెట్టుకుంటే సరిసంఖ్య ఉండాలి. జోడీ లేక ఒకరు మిగిలిపోతే, గోడవారగా నిలబడ్డావిడని చెయ్యి పట్టుకుని తీసుకురావాలి.

తెలంగాణలో 2014లో బతుకమ్మని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. సంతోషమే. కానీ ఇప్పుడు చాలాచోట్ల డీజే పెట్టెలు మోగుతున్నాయి. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు "ఉయ్యాలో" అని అందుకోవడంలోనే కదా అందమంతా! పెట్టే పాడేస్తుంటే ఇక మన గొంతులెందుకు?

తలా ఇంత వేసుకుని ఏర్పాట్లు ఎవరికో అప్పగించడం సులువే. అయితే పాత పాటలన్నీ నోటికొచ్చిన పెద్దావిడని, భర్త పోయాక గుమ్మం దాటని పొరుగింటామెని, మన ఇళ్లలో అంట్లు తోమే అమ్మాయిని ఆటలోకి పిలవాల్సింది మనమే. డబ్బు తీసుకున్నవాళ్లు ఆ పని చెయ్యరు. వీళ్లు దూరంగా నిలబడి చూస్తున్నంతసేపూ ఆ ఆట సగమే.

"మరి ఇంట్లో వంటెవరు చేస్తారు?" అంటారా? తొమ్మిది సాయంత్రాలే కదా, శ్రీవారిని చెయ్యమనండి. ఏమంటారు?