పళ్ల కోసం కొంటే... ఒళ్లంతా దురద!

మా స్నోయీకి నాలుగేళ్లు. తెల్లటి స్పిట్జ్. వీధిలో అందరూ పామరేనియన్ అంటారు, మేమూ కాదనం. దానికి రెండు బాధలు. ఒకటి, ఏం తిన్నా ఒళ్లు గోక్కోవడం. రెండోది దానిది కాదు, మాది. అది నోరు తెరిస్తే పక్కన కూర్చోలేం. దురద కోసం రెండేళ్లపాటు తిండి మారుస్తూ పోయాం. నోటి వాసనను మాత్రం 'కుక్కన్నాక ఆ మాత్రం రాదా' అని వదిలేశాం. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం పడతాయని ఆలస్యంగా తెలిసింది.

మీ కుక్క అస్తమానం పాదాలు నాకుతోందా? చెవులు విదిలిస్తోందా? విరేచనం పల్చగా అవుతోందా? పెట్ షాపుకెళ్లి ఈ మాట చెప్పి చూడండి. 'సెన్సిటివ్ స్కిన్' అని రాసున్న సంచీ ఒకటి తీసి చేతిలో పెడతారు. కాస్త ఆగండి. కుక్కల దురదలన్నిటికీ తిండే కారణం కాదు. పిడుదులు, ఫ్లీస్, ఇంట్లో దుమ్ములో ఉండే కంటికి కనిపించని పురుగులు... వీటివల్ల వచ్చే దురదలే ఎక్కువ. ముందు వాటి సంగతి తేల్చుకోవాలి.

ఇక తిండే అనుమానం అయితే, అసలు దోషి సాధారణంగా ఏదో ఒక మాంసకృత్తి. బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమలు... కుక్కల్లో ఎక్కువగా బయటపడేవి ఇవే. మన ఇళ్లలో కుక్క రోజంతా తినేవేంటో ఒకసారి లెక్కేయండి. పొద్దున పాలల్లో బిస్కెట్, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రికి చికెన్ రుచి డ్రై ఫుడ్. ఇందులో ఏది పడట్లేదో ఎలా చెప్పగలం?

మేం చేసిన తప్పే చాలామంది చేస్తుంటారు. నెలకో కంపెనీ మార్చాం. ఓసారి సంచీ మీద గొర్రెపిల్ల బొమ్మ చూసి మురిసిపోయి తెచ్చాం. వెనక సన్నటి అక్షరాల్లో చూస్తే రెండో పేరే చికెన్ మీల్! ముందున్న బొమ్మ మనకోసం, వెనకున్న అక్షరాలు కుక్కకోసం అనుకోవాలి. ఇంకో సంగతి. ఏ తిండి మార్చినా ఒక్కరోజులో మార్చకూడదు. పాతదాన్లో కొత్తది కొంచెం కొంచెం కలుపుతూ వారంలో పూర్తి చేయాలి. లేకపోతే కొత్త ఫుడ్డు మంచిదైనా విరేచనాలవుతాయి. 'ఇదీ పడలేదు' అని పారేస్తాం.

మా కాలనీ పెట్ క్లినిక్ డాక్టర్ గారు ఆఖరికి ఒక పరీక్ష పెట్టారు. అది స్నోయీకే కాదు, ఇంటిల్లిపాదికీ పరీక్షే. అది అంతకుముందు ఎప్పుడూ రుచి చూడని తిండి మాత్రమే ఎనిమిది వారాలు పెట్టాలి. మా ఇంట్లో చేపలు వండరు. అందుకని ముల్లు తీసి ఉడికించిన చేప, చిలగడదుంప. ఉప్పు, ఉల్లిపాయ లేకుండా. (ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. పులుసన్నం పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.) వండే ఓపిక లేకపోతే, మాంసకృత్తుల్ని ఒంటికి ఆనవాలు దొరకనంత చిన్న ముక్కలుగా విడగొట్టి చేసే ప్రత్యేక ఫుడ్డు దొరుకుతుంది. ఖరీదెక్కువ. ఇంటి వంటే నెలల తరబడి పెడితే కాల్షియం లాంటివి లోటు పడతాయి కాబట్టి అదీ డాక్టరు చూపులో జరగాల్సిందే.

నాలుగో వారానికి గోకుడు సగానికి తగ్గింది. ఐదో వారంలో మళ్లీ మొదలు!

ఇంట్లో విచారణ మొదలైంది. అనుమానం అమ్మ మీద. 'పెరుగు పెట్టావా?' అంటే 'నీ మీదొట్టు, చెంచా కూడా పెట్టలేదే' అంది. తమ్ముడు తన బిస్కెట్ డబ్బా తెచ్చి లెక్క చూపించాడు. చివరికి దొంగను నేనేనని తేలింది. నోటి వాసన భరించలేక, ఆ వారమే 'డెంటల్ స్టిక్స్' పొట్లం కొన్నాను. రోజుకొకటి ఇచ్చాను. దాన్లో మొదటివి గోధుమపిండి, చికెన్. తిండి అని లెక్కలోకే తీసుకోలేదు, పళ్ల మందు కదా అనుకున్నాను!

ఆ మాట వినగానే డాక్టర్ గారు నవ్వి, కుక్కల టూత్‌పేస్టు ఉందా అని అడిగారు. అదీ ఉంది. చికెన్ రుచిది. నులిపురుగుల మాత్రల్లో కొన్నింటికి కూడా మాంసం రుచి కలుపుతారట. ఎనిమిది వారాల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలు.

అలాగని పళ్లను వదిలేయడానికి లేదు. కుక్క నోట్లో 42 పళ్లు. మనకన్నా పది ఎక్కువ. చిన్న జాతుల నోట్లో అవి ఇరుక్కుని ఉంటాయి కాబట్టి మురికీ ఎక్కువే. తిన్నాక పట్టే పాచి రెండు మూడు రోజుల్లో గట్టిపడి గారవుతుంది. గార చిగుళ్ల కిందికి దిగితే ఎముక కరిగి పళ్లు కదులుతాయి. మూడేళ్లు నిండేసరికి చాలా కుక్కల్లో చిగుళ్ల జబ్బు ఎంతో కొంత మొదలై ఉంటుంది. అయినా అవి తిండి మానవు. ఒకవైపే నములుతాయి, లేదా నమలకుండా మింగేస్తాయి. గట్టి గుళికలు వదిలేసి మెత్తటి అన్నం కోసం చూస్తే 'దీనికి ఫుడ్డు పడట్లేదు' అనుకుంటాం. పడనిది ఫుడ్డు కాకపోవచ్చు, నొప్పి పన్ను కావచ్చు. కంటి కింద వాపు కనిపిస్తే పైదవడ పన్ను వేరుకు చీము పట్టిందేమో చూపించాలి.

డ్రై ఫుడ్ తింటే పళ్లు వాటంతటవే శుభ్రపడతాయన్నది మనందరి నమ్మకం. మామూలు గుళిక పంటి కొస తగలగానే విరిగిపోతుంది, చిగురుదాకా వెళ్లదు. ఎముకలంటారా? వండిన ఎముకలు చీలి గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. గట్టి ఎముక నమిలితే దవడ పన్నే పగలొచ్చు. గోటితో నొక్కితే సొట్ట పడనిది ఏదీ నమలడానికి ఇవ్వొద్దు.

మరి ఒళ్లు సున్నితమైన కుక్కకు దారేది? పేస్టు లేకుండా తోమడమే! పాచిని వదిలించేది రాపిడి, రుచి కాదు. చిన్నపిల్లల మెత్తటి బ్రష్షో, వేలికి చుట్టిన తడి గాజుగుడ్డో చాలు. మన పేస్టు మాత్రం వద్దు. కుక్కకు ఉమ్మడం రాదు, ఫ్లోరైడ్ కడుపులోకి పోతుంది. జైలిటాల్ అనే తీపి ఉంటే రక్తంలో చక్కెర పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మొదటి నాలుగు రోజులు పెదవి ఎత్తి వదిలేయండి. తర్వాత వేలితో పళ్లను తాకండి. ఆ తర్వాతే గుడ్డ. నోరు పూర్తిగా తెరిపించక్కర్లేదు, బుగ్గ వైపు తోమితే పని చాలావరకు అయినట్టే. రోజూ కుదిరితే మేలు, రోజు విడిచి రోజు కన్నా తగ్గితే ఫలితం తక్కువ.

ఇప్పటికే గార కట్టి, చిగుళ్లు ఎర్రబడి ఉంటే తోమడానికి దిగొద్దు, నొప్పికి కరుస్తుంది. ముందు డాక్టరు దగ్గర శుభ్రం చేయించాలి. దానికి మత్తు ఇవ్వాల్సిందే. మత్తు లేకుండా గీకితే పైకి తెల్లగా కనిపిస్తుంది, జబ్బు మాత్రం చిగురు కింద అలాగే ఉంటుంది. స్నోయీకి అప్పటికే రెండు పళ్లు కదిలిపోయి ఉంటే తీసేశారు. వారం తిరక్కుండా రెండు వైపులా నమలడం మొదలెట్టింది.

రెండోసారి ఎనిమిది వారాలూ సజావుగా గడిచాయి. ఆపైన పాత తిండ్లు ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడమన్నారు. చికెన్ పెట్టిన మూడో రోజే గోకుడు. ఆపేస్తే తగ్గింది. తర్వాత పెరుగు. రెండు వారాలు చూశాం, ఏమీ కాలేదు. అమ్మ చేతిలో గిన్నెతో నా వైపు చూసి, 'నా పెరుగన్నాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నావ్' అంది. ఇప్పుడు రాత్రి ముద్ద పెట్టేది తనే. తడి గుడ్డతో పళ్లు తుడిచే డ్యూటీ నాది.