మెచ్చుకోలూ ఒక పరిచర్యే

తోటివారిలో తప్పు వెదకడానికి మనకు క్షణం చాలు. మంచిని మెచ్చుకోవడానికే నోరు రాదు. మనం చేసే పనినే మనకన్నా బాగా చేసేవాడిని మెచ్చుకోవడం మరీ కష్టం. ఊహాలోకాల కథలతో ప్రపంచ పాఠకులను అలరించిన ఇద్దరు రచయితల స్నేహం ఈ విషయంలో మనకు మంచి పాఠం.

సి.ఎస్‌. లూయిస్‌ తొమ్మిదేళ్లకే తల్లిని కోల్పోయాడు. యౌవనంలో నాస్తికుడయ్యాడు. తర్వాత దేవుడున్నాడని ఒప్పుకున్నా, క్రీస్తు దగ్గర ఆగిపోయాడు. చనిపోయి తిరిగి లేచే దేవుళ్ల గాథలన్నీ అందమైన అబద్ధాలేనని ఆయన వాదన. 1931 సెప్టెంబరులో ఒక రాత్రి ఆక్స్‌ఫర్డ్‌లో జె.ఆర్‌.ఆర్‌. టోల్కీన్‌, మరో మిత్రుడు హ్యూగో డైసన్‌ చాలా పొద్దుపోయేదాకా ఆయనతో మాట్లాడారు. ఆ గాథల్లో మానవ హృదయం దేనికోసం తపించిందో, అదే క్రీస్తులో చరిత్రగా జరిగిందని టోల్కీన్‌ వివరించాడు. కొద్దిరోజులకే లూయిస్‌ విశ్వాసి అయ్యాడు.

ఆ తర్వాత లూయిస్‌ వంతు వచ్చింది. 'ద లార్డ్‌ ఆఫ్‌ ద రింగ్స్‌' రాస్తూ టోల్కీన్‌ ఏళ్ల తరబడి తడబడ్డాడు. రాసింది కొట్టేసి మళ్లీ రాసేవాడు. లూయిస్‌ ఒక్కో అధ్యాయం విని, ఇంకా రాయమని వెంటపడ్డాడు. 1954-55లో ఆ గ్రంథం వెలువడింది. లూయిస్‌ ప్రోత్సాహం లేకుంటే అది పూర్తయ్యేదే కాదని టోల్కీనే ఒప్పుకున్నాడు.

1950-56 మధ్య లూయిస్‌ ఏడు నార్నియా కథలు ప్రచురించాడు. ద్రోహం చేసిన బాలుడి కోసం ప్రాణమిచ్చి తిరిగి లేచిన సింహం కథ వాటిలోదే. అవి టోల్కీన్‌కు నచ్చలేదు. క్రమంగా స్నేహం కూడా పలచబడింది. అయినా 1961లో సాహిత్య నోబెల్‌కు లూయిస్‌ ప్రతిపాదించింది టోల్కీన్‌ పేరునే! బహుమతి రాలేదు. అలాంటి ప్రతిపాదనలను 50 ఏళ్లు గోప్యంగా ఉంచుతారు కాబట్టి అది చప్పట్ల కోసం చేసిన పని కాదు.

సౌలును చూసి శిష్యులంతా భయపడినప్పుడు, చేయిపట్టి అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లినవాడు బర్నబా. తర్వాత ఆ సౌలే పౌలుగా తనను మించి ఎదిగినా బర్నబా అసూయపడినట్టు లేఖనంలో ఎక్కడా కనిపించదు.

మన సంఘాల్లో ఎందరో టోల్కీన్‌లు ఒక్క మంచిమాట కోసం ఎదురుచూస్తున్నారు. నోటుపుస్తకం చివరి పేజీల్లో కథలు రాసుకునే పిల్లవాడిని మనం వారించామా, వినిపించమన్నామా? మనల్ని మెచ్చని వాడిని మనం మెచ్చుకోగలమా? ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, ఇన్నాళ్లూ మన నోట రాని ఆ ఒక్క మాట చెప్పి చూద్దాం.