బదనికకు వానలెక్క కావాలి

బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా డైరెక్టర్ గారికి,

మా విశాఖ వైపు చెట్టును పట్టుకుని పెరిగేదేదైనా బదనికే. చెట్టు రసం పీల్చేదీ బదనికే, కొమ్మ మీద కాస్త చోటు తప్ప మరేమీ అడగని ఆర్కిడ్డూ బదనికే. ఈ రెండోదాని తరఫున రాస్తున్నాను.

1795లో అచ్చయిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో విలియం రాక్స్‌బర్గ్ ఒక బదనికను వర్ణించాడు. పసుపు రేకుల మీద గోధుమరంగు గళ్ళు. ఇవాళ దాన్ని వాండా టెస్సెలేటా అంటున్నాం. సామర్లకోటలో ఉన్న రోజుల్లో ఆయన మొక్కలతోపాటు వాననూ కొలిచేవాడు. రెండు లెక్కలూ ఒకే బల్ల మీద ఉండేవి. ఇప్పుడు ఎండు నమూనాలు మీ బీరువాల్లో, వానలెక్కలు వాతావరణ శాఖ దగ్గర.

ఆ రెండూ మళ్ళీ ఎందుకు కలవాలో చెప్తాను. ఎండలు ముదిరితే మొక్కలు చల్లని ఎత్తుకు జరుగుతాయంటారు. ఆర్కిడ్‌కు అది అంత సులువు కాదు. దాని విత్తనం పొడిలాంటిది, లోపల తిండి ఉండదు. పడినచోట తగిన బూజు దొరికితేనే మొలక. గాలి విత్తనాన్ని మోసుకెళ్తుంది సరే, బూజునూ, పువ్వును వెతుక్కుంటూ వచ్చే పురుగునూ ఎవరు మోస్తారు? పైగా కొమ్మ మీద బతికేదానికి వేలాడే వేళ్ళు పీల్చుకునే మంచూ వానా తప్ప వేరే నీళ్ళు లేవు.

వెయ్యి మీటర్లు ఎక్కితే వేడి సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. అంటే ఒక డిగ్రీ వేడి పెరిగితే నూటయాభై మీటర్ల పైచిలుకు ఎక్కాలి. హిమాలయాల్లో ఎక్కవచ్చు. మా అర్మ కొండ ఎత్తే 1680 మీటర్లు. గాలికొండ నెత్తిన ఇప్పటికే ఉన్న మొక్క ఇంకెక్కడికి పోతుంది? కొమ్మ పోయినా అంతే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వెళ్ళాక అనంతగిరి దారిలో కూలిన కొమ్మలకు బదనికలు ఇంకా అంటుకునే ఉన్నాయి. వారంలో వడలిపోయాయి.

ఎండు నమూనాలు ఏం చెప్తాయని అడిగేవారికి ఇంగ్లండ్‌లో జవాబుంది. అక్కడి ఒక సాలీడు ఆర్కిడ్ పువ్వు ఆడ తేనెటీగలా వాసన వేసి మగవాటిని మోసగిస్తుంది. 1848 నుంచి సేకరించిన నమూనాల మీది తేదీలను పోల్చి చూశారు. వసంతంలో ఒక డిగ్రీ పెరిగితే పువ్వు ఆరు రోజులు ముందు పూస్తోంది, ఆడ తేనెటీగ పదిహేను రోజులు ముందే వస్తోంది. నిజమైనది ఎదురుగా ఉంటే నకిలీని ఎవరు చూస్తారు?

మద్రాసు ప్రెసిడెన్సీ నాటి నమూనాలు కోయంబత్తూరులోని మీ హెర్బేరియంలో ఉన్నాయి. మా కొండలూ అప్పుడు ఆ ప్రెసిడెన్సీవే. ఆ కాగితాల మీది ఊరూ తేదీ పట్టుకుని అదే చోటికి మళ్ళీ మనుషుల్ని పంపండి. రోజూ అడవికెళ్ళే గిరిజన యువకులకు జీతమిచ్చి పూత తేదీలు రాయించండి. ఊళ్ళో కాదు, కొమ్మ పక్కనే వేడినీ తేమనూ కొలవండి. దేశంలో 1256 ఆర్కిడ్ జాతులున్నాయని మీరే లెక్క తేల్చారు. ఏది ఎక్కడ తగ్గిందన్న లెక్కా మీరే తేల్చాలి.

ఇంకొక్క మాట. దొరికిన చోట్ల వివరాలు మాత్రం బయటపెట్టకండి. ఎండ కంటే ముందు సంచులు పట్టుకుని మనుషులొస్తారు.

ఇట్లు,
విశాఖపట్నం నుంచి ఒక రిటైర్డ్ బాటనీ మాస్టారు