నడుం వంగడం నుదుటి రాత కాదు

పద్దెనిమిదో శతాబ్దంలో ఐరోపా మేధావులు ఒక మాటను బలంగా ముందుకు తెచ్చారు. పెద్దలు చెప్పారని కాక, దేన్నైనా పరీక్షించి నమ్మాలన్నారు. అది పాశ్చాత్యుల సంగతి, మనకెందుకు అనే సోదరులు మనలో ఉన్నారు. వారిని దూరం వెళ్లమనం. మన నల్లగొండ నీళ్లనే చూడమంటాం.

2016 అక్టోబరు దాకా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ నల్లగొండ జిల్లాలోనివే. ఆ జిల్లా పశ్చిమాన మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లల పళ్లు గారపట్టడం, నడివయసుకే నడుం వంగి కీళ్లు బిగుసుకుపోవడం తరాలుగా ఉన్నదే. తఖ్దీర్ అని సరిపెట్టుకున్న ఇళ్లు ఎన్నో. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలాంటి రోగులను పరీక్షించి, దోషం తాగునీటిలోని ఫ్లోరైడ్‌దని తేల్చారు. 1955లో నల్లగొండ జిల్లా రోగులపై బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక వ్యాసం అచ్చయింది. రాసినవారు ఎ.హెచ్. సిద్దిఖీ. పేరు చూడండి. శాస్త్రానికి తూర్పు పడమరలు లేవనడానికి ఇంకేం కావాలి?

గ్రానైటు రాళ్ల మధ్య నిలిచిన నీటిలో ఫ్లోరైడ్ కరుగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అది కంటికి కనపడదు. మరిగిస్తే పోదు, నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి దాన్ని తీసే పద్ధతిని 1970లలో నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. దాని పేరే నల్లగొండ పద్ధతి. మన జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకెక్కడం సంతోషమే గానీ, ఎక్కిన కారణం తలచుకుంటే ఆ సంతోషం నిలవదు.

సైన్సు చేసిందంతా మేలేనని మేమనం. లోతు బోర్లు వేసే యంత్రాలూ దాని బిడ్డలే. బావులు ఎండాక ఫ్లోరైడ్ నీళ్లను ఇళ్లలోకి తెచ్చినవి ఆ బోర్లే. అయితే ఆ తప్పును పట్టిందీ పరీక్షే, తావీజు కాదు. దువా మానమని కాదు. వైద్యం చేయించుకోమన్నది మన ప్రవక్త (స) బోధనే కదా!

సాగర్ ఎడమ కాలువ వచ్చాక మిర్యాలగూడ, కోదాడ పొలాలు పచ్చబడ్డాయి. కాలువ పక్కనున్నాం, మనకేం భయమనే ధీమా కూడా వచ్చింది. కాలువ పొలాన్ని తడుపుతుంది, బోరు నీళ్లు మాత్రం రాతి పొరల నుంచే వస్తాయి. మిషన్ భగీరథ నల్లా ఉన్న ఇంట్లోనూ, నీళ్లు రాని రోజున బోరే దిక్కు.

మూడు పట్టణాల మస్జిద్ కమిటీలకు మా విన్నపం ఒక్కటే. వజూ కోసం వేయించిన బోరు నీళ్లను మదరసా పిల్లలు తాగుతుంటే, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ఆ నీళ్లు పట్టి ప్రభుత్వ ప్రయోగశాలకు పంపండి. అంకె ఎంతొచ్చినా దాచకుండా ఆ కాగితాన్ని వజూఖానా గోడకు అంటించండి. 1.5 దాటితే ఆ నల్లా పైన, తాగరాదని తెలుగులో, ఉర్దూలో రాయించండి.